అయ్యగారి సెలవు

సోమవారం, పొగమంచు

మందిరం దినచర్య రాయడం సంఘ కార్యదర్శి పని. నాకు ముందు ఈ పని చేసినాయన వాతావరణం, హాజరు రెండే ముక్కలు రాసి పుస్తకం మూసేసేవాడు. నాకు అంత పొదుపు చేతకాదు. నా పేరు తబిత. మా పెనూయేలు మందిరం మెరకపాలెంలో ఉంది. పేరులోనే మెరక, ఊళ్లో లేదు. ఊరంతా పీపాల మీద తేలుతుంటుంది. పాత ఊరు మా కాళ్ల కింద నీళ్లలో ఉంది. నీళ్లు తేరుకున్న రోజున పాత వీధుల గోడలు కనిపిస్తాయి. చేపలు ఇంటింటికీ వెళ్లొస్తుంటాయి.

పొద్దున్నే చాపలు కడిగాం. ఎండ ముదిరాక బయట మనిషి బతకడు కాబట్టి మధ్యాహ్నమంతా ఊరు పడుకోవాల్సిందే. మా వీధివాళ్లం మందిరంలోనే పడుకుంటాం. ఊరికి సర్కారు ఇచ్చిన చల్లచాపలు ఒంటి వేడిని లాగేస్తాయి. పక్కపక్కన పరిస్తే ఒకరి కలలోకి ఇంకొకరు నడిచి వెళ్లిపోతారు. మొదట్లో జనం సిగ్గుతో చచ్చిపోయారట. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. కలలో బట్టలు కుట్టిన దర్జీ, కలలో పడవలు లాగిన కూలీ లేచాక ఒళ్లు నొప్పులతో మూలుగుతుంటే, కార్మిక సంఘాలు కొట్లాడి కలలో చేసిన పని కూడా పనేనని చట్టం తెచ్చుకున్నాయి. ఆ ఊరేగింపులో మా అమ్మ కూడా నడిచింది. ఇవాళ ఆ చట్టమే మా పీకల మీదికి వచ్చింది.

చాపలు ఆరేస్తుంటే గోడమీది గొట్టం గురగురలాడింది. పని కచేరీ నోటీసులు అందులోంచే వినిపిస్తాయి, మా జవాబు చెప్పేదీ అందులోనే. ఎవరు ఎవరి కలలో ఎంతసేపు పని చేశారో చాపలే కచేరీకి లెక్క చెబుతాయి. మా పాస్టరు దేవవరం గారు ఈ ఎండాకాలమంతా సంఘస్తుల కలల్లో పని చేస్తున్నారట. చట్టం ఒప్పుకునే వేళలు ఎప్పుడో దాటిపోయాయట. ఆయనకు యజమాని ఎవరో నమోదు కాలేదట. నెలాఖరులోగా సంఘం తానే యజమానినని ఒప్పుకోవాలి, లేదా ఆయన తమ పనివాడు కాడని చెప్పాలి.

ఒప్పుకుంటే యజమాని కట్టవలసినవన్నీ కట్టాలి, మందిరం చాపలకు సర్కారు పన్ను లేకుండా పంపే చల్లదనం కూడా పోతుంది. కాడంటే మందిరం వెనక గదిలో ఆయన ఉండటానికి వీల్లేదు. అది పనివాడి గది. పనిలేని ఒంటరి ముసలివాళ్లను ఉప్పురేవు సత్రానికి తీసుకెళ్తారు. అక్కడికి వెళ్లి తిరిగొచ్చినవాళ్లను నేను చూడలేదు.

 చేతిలో చాప నీళ్లలో జారిపోతే కర్రతో లాక్కున్నాను.


మంగళవారం, అదే మంచు

అయ్యగారిని అడిగాను. మేమంతా ఆయన్ని అయ్యగారనే పిలుస్తాం. ఆయన మందిరం వెనక కూర్చుని టమాటా మొక్కలకు మంచు పట్టే గుడ్డలు కడుతున్నారు.

"నేనెక్కడికీ పోలేదమ్మా తబితమ్మా. చాప మీదే పడుకుంటన్నా. కలలు కూడా రావు నాకు. ఏళ్లయింది కలొచ్చి."

"మరి కచేరీ వాళ్లు అబద్ధం చెబుతారా అయ్యగారూ?"

"అబద్ధమని కాదు. లేచేసరికి కాళ్లు లాగేస్తంటాయి, అది మాత్రం నిజం. వయసనుకున్నా."

ఈమధ్య ఆయన ప్రసంగంలో మాట తప్పుతున్నారు. కీర్తన పాడుతూ పాడుతూ కునుకు తీస్తున్నారు. మేం మోచేతులతో పొడుచుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన మాత్రం లేచి, చిన్నపిల్లాడిలా క్షమించమని అడిగేవారు.

 నాకొక కల ఉంది. నీళ్లలో మునిగిన మా పాత ఇంట్లో ఉంటాను. తలుపు తోసుకుని సముద్రం లోపలికి వస్తుంటుంది. నేను ఒక్కదాన్నే తలుపుకు వీపు ఆనించి నిలబడతాను. ఇక నావల్ల కాదు అనుకునేసరికి ఎవరో వచ్చి నా పక్కన తలుపుకు వీపు ఆనిస్తారు. ఏమీ మాట్లాడరు. తెల్లచొక్కా, తడిసిన మోచేయి. ఆ మోచేయి అయ్యగారిదని నాకు తెలుసు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి తెలుసు. ఆయన నా కల కల్పించిన మనిషే అనుకున్నాను. నిజంగా ఆయనే వచ్చి నిలబడుతున్నారని అనుకోలేదు.


బుధవారం, గాలి లేదు

చేపల తట్టల దగ్గర నిలబడి నలుగురిని అడిగాను. నలుగురూ మొహం పక్కకు తిప్పుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. ఒకామె కలలో ఆయన తప్పిపోయిన మేకను వెతుకుతూ ఆమె వెంట నడుస్తారు. ఇంకొకాయన కలలో పరీక్ష హాలు బయట నిలబడి ఉంటారు. సువార్తమ్మ కలలో ఆమె కూతురు, ఉప్పెనలో పోయిన పిల్ల, పడవలో దూరంగా వెళ్లిపోతుంటుంది. అయ్యగారు ఒడ్డున నిలబడి తాడు వదలకుండా పట్టుకుంటారు.

"ఆయన పట్టుకోబట్టే తల్లీ, దాని మొహం రోజూ చూసుకుంటన్నా," అంది సువార్తమ్మ. మా వీధిలో అందరికంటే పెద్దది. ఎవరినైనా తిట్టి నోరు మూయించగలదు. ఆ మాట అని మాత్రం తట్టలోని చేపల్ని ఊరికే అటూ ఇటూ సర్దింది.

ఇంతమందికి కాపలా కాసి లేస్తే కాళ్లు లాగవా మరి. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో నాకు. నా మీద నాకే ఒళ్లు మండింది.


గురువారం, మబ్బు

సంఘ పెద్దల కూటం జరిగింది. ఏలీయా బాబాయి పెద్దల్లో పెద్ద. పీపాలకు బిరడాలు వేసే దుకాణం ఆయనది. లేని చిల్లిని కూడా దూరం నుంచే పసిగడతాడు.

"ఇందులో ఆలోచించేదేముందమ్మాయ్? ఆయన దేవుడి సేవకుడు. మన పనివాడు కాదు. మనమెప్పుడన్నా జీతమిచ్చామా? ఆ మాటే చెప్పు."

"అలా చెబితే ఆయన్ని సత్రానికి తీసుకుపోతారు బాబాయ్."

"ఎందుకు తీసుకుపోతారు? దేవుడి సేవకుడికి గది ఇచ్చాం. అంతే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం. ఉన్నమాట చెబితే ఎవరేం చేస్తారు?"

మిగతా పెద్దలు తలలూపారు. నాకూ ఆ మాట అబద్ధంగా వినిపించలేదు. జీతమని మేం ఏనాడూ ఇవ్వలేదు. గొట్టం దగ్గరకెళ్లి, దేవవరం గారు దేవుడి సేవకుడనీ, సంఘం ఆయనకు జీతంగాని కూలిగాని ఇవ్వదనీ చెప్పి వచ్చాను. 


శనివారం, ఎండ

పని కచేరీ నుంచి మస్తాన్‌బీ గారు పడవలో వచ్చారు. పొట్టి మనిషి, నెత్తిన తడిగుడ్డ. ఎవరూ కుర్చీ వేయకముందే మందిరం మెట్ల మీద కూర్చున్నారు. అప్పుడే వంటలకు వేళయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మం పక్కన ఉన్న డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి వెళ్తున్నారు. పూట పూటా పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టడం మా అమ్మమ్మల నాటి అలవాటు. ఊరు మునిగినా అది మునగలేదు.

మస్తాన్‌బీ గారు కాసేపు చూశారు. "ఈ బియ్యం ఎవరికమ్మా?"

"దేవుడికి," అంది సువార్తమ్మ. అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"దేవుడు తింటాడా?"

"దేవుడెందుకు తింటాడు? అయ్యగారు తింటారు."

"రోజూనా?"

"రోజూ తినకపోతే మనిషి బతుకుతాడా తల్లీ? అట్టా అడుగుతావేంటి!"

నాకు అప్పుడు వెలిగింది. ఏలీయా బాబాయి మొహం మాడిపోయింది. మేం చెప్పింది అబద్ధం కాదు. మేం దేవుడికే ఇచ్చాం. ఇచ్చినదాన్ని చేతితో అందుకునేది ఎవరో మాలో ఏ ఒక్కరూ ఆలోచించలేదు.

మస్తాన్‌బీ గారు గద్దించలేదు. "ఆయనకి సెలవెప్పుడిస్తారు?" అని అడిగారు.

ఏలీయా బాబాయి నా వైపు చూశాడు, నేను బియ్యం డబ్బా వైపు చూశాను.

"జబ్బు చేస్తే?"

"ప్రార్థన చేస్తాం," అన్నాడు ఏలీయా బాబాయి.

"మంచిదే. ఇంకా?"

ఇంకా ఏమీ లేదు. ఆయన నడవలేని రోజు వస్తే ఎక్కడ ఉంటారో, ఎవరు చూస్తారో మేం ఒక్కసారైనా అనుకోలేదు. అంతసేపూ అయ్యగారు మమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు తలొంచుకుని నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

ఈలోగా ఎండ ముదిరింది. మస్తాన్‌బీ గారికి తిరుగు ప్రయాణం కుదరక మాతోపాటే మందిరంలో పడుకున్నారు. లేచాక ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లారు.

"మీ అయ్యగారు నా కల్లోకి కూడా వచ్చారు! నేను ఈ సంఘం మనిషిని కూడా కాను."

"ఏం చేశారండీ?"

"మా అమ్మ నాకు జడ వేస్తూ సగంలో లేచి వెళ్లిపోతది. ఎప్పుడూ అంతే, తిరిగి రాదు. ఇవాళ ఆయనొచ్చి ఆ సగం జడ విడిపోకుండా పట్టుకుని నిలబడ్డారు." ఆవిడ నెత్తిమీద గుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. "నాకు హాయిగానే ఉందమ్మా. అందుకే భయమేస్తంది. మీకూ ఇట్టానే హాయిగా ఉండి ఉంటది. ఇది కూడా నేను పైకి చెప్పాలి. చెప్పకపోతే నా ఉద్యోగానికే తప్పు చేసినట్టు."

వెళ్లేముందు ఇంకోమాట అన్నారు. "మీ దగ్గర్నుంచి ఏదో లాక్కుందామని రాలేదు మేము. ఆయనకి రావాల్సింది ఆయనకి రావాలి. ఆ మాట మీ పెద్దాయనకి చెప్పండి." రేపటితో నెలాఖరు. సంఘం జవాబు మార్చుకోవాలంటే రేపు సాయంత్రంలోగా చెప్పాలి. లేదంటే ఎల్లుండి ఆయన్ని తీసుకెళ్లే పడవ వస్తుంది.


ఆదివారం, మళ్లీ మంచు

ఆరాధన చివర ఆశీర్వాదం ఇవ్వడానికి అయ్యగారు రెండు చేతులూ ఎత్తారు. ఎత్తిన చేతులు దించలేదు. మేం తలలు వంచుకుని ఎదురుచూశాం. కాసేపయ్యాక తలెత్తితే, ఆయన నిలబడే నిద్రపోయారు. చేతులు గాల్లో అలాగే ఉన్నాయి. కిటికీలోంచి మంచు లోపలికి వచ్చి ఆయన మోకాళ్ల దాకా నిండింది. మబ్బు మీద నిలబడిన మనిషిలా కనిపించారు. ఎవరూ నవ్వలేదు.

ఇద్దరు పట్టుకుని గదిలో పడుకోబెట్టారు. ఎవరి కలలూ తగలకుండా చాప తీసేసి వట్టి నేల మీద పడుకోబెట్టమన్నాను. తర్వాత సంఘమంతా అక్కడే ఉండిపోయింది.

"దేవుడి పనికి సెలవేంటి?" అన్నాడు ఏలీయా బాబాయి. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు. "మా నాన్న కాలంలో పాస్టర్లు సెలవు పెట్టేవాళ్లు కాదు. యజమానులమంటే మనం దేవుడి స్థానంలో కూర్చున్నట్టు కాదా తబితా?"

"మనం దేవుడి స్థానంలో కూర్చుని ఆయన చేత చాకిరీ ఎప్పటినుంచో చేయించుకుంటున్నాం బాబాయ్. ఆయన బాగోగులు చూసే వంతు వచ్చినప్పుడు మాత్రం దేవుణ్ణి ముందుకు తోస్తున్నాం." నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నా కలలో తలుపు పట్టుకోవడానికి ఆయన కావాలి. ఆయన కాళ్లు లాగితే మాత్రం నాకు సంబంధం లేదా?"

చల్లదనం పోతే ఎండకు ఎలా పడుకుంటామని వెనక నుంచి ఎవరో అడిగారు. అడగవలసిన మాటే. 

అప్పుడు సువార్తమ్మ లేచింది. కర్ర ఊతంతో గొట్టం దగ్గరి దాకా నడిచింది. "ఆయన్ని నా కల్లోంచి పంపేయండి," అంది. "నా బిడ్డ పడవ పోతే పోనియ్యండి. పాపం ఆ తాడు పట్టుకుని ఆయన చేతులు ఎంత కోసుకుపోయినియ్యో. నేను నా బిడ్డ మొహమే చూశాగానీ ఆయన చేతులు చూడలేదు."

 ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. ఏలీయా బాబాయి అందరికంటే చివర ఎత్తాడు, అయినా ఎత్తాడు. దేవవరం గారికి యజమానులం మేమేనని గొట్టంలో చెప్పాను. 


మరుసటి సోమవారం, వాన తుంపర

అయ్యగారికి సెలవిచ్చి కాలువ ఎగువన ఉన్న విశ్రాంతి ఇంటికి పంపాం. అక్కడ చాపలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. పడవ ఎక్కుతూ, "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగారు.

"తప్పు చేయలేదు అయ్యగారూ. సెలవు పెట్టారు."

"అక్కడ నేనేం చెయ్యాలి?"

"ఏమీ చేయకూడదు."

"అది నాకు రాదే," అన్నారు దిగాలుగా. పడవ మంచులో కలిసిపోయేదాకా మావైపే చూస్తూ కూర్చున్నారు.


ఏ వారమో రాయాలనిపించలేదు, ఎండ

చల్లదనం ఆగిపోయింది. చాపలు ఇప్పుడు వట్టి చాపలకంటే కాస్త నయం, అంతే. ఒకరి కలలోకి ఒకరు వెళ్లే దారులు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుని ఉన్నాయి. తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటున్నాం.

నా కలలోకి ఎవరూ రాలేదు. చాలాసేపు ఒక్కదాన్నే తలుపు పట్టుకున్నాను. చివరికి తలుపు తెరుచుకుంది. సముద్రం లోపలికి వచ్చింది. మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. గోరువెచ్చగా ఉంది. నీళ్ల మీద మా అమ్మ చీరలు, వంటింటి పీట, నా పాత పలక తేలుతూ గదంతా తిరిగాయి. నేను మునిగిపోలేదు. లేచి ఏడ్చాను, తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను.

సువార్తమ్మ బిడ్డ పడవ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా వీధి ఆడవాళ్లం ముగ్గురం వెళ్లి ఆమె దగ్గర కూర్చున్నాం. ఏలీయా బాబాయి కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆమె ఇంటి పీపాలన్నీ తట్టి చూసి, ఒకదానికి బిరడా మార్చి వెళ్లాడు. ఇదివరకు ఇలాంటి ఇళ్లకు అయ్యగారొక్కరే వెళ్లేవారు.


ఆదివారం, పలచని మంచు

అయ్యగారు తిరిగొచ్చారు. బుగ్గలు కాస్త నిండాయి. మస్తాన్‌బీ గారు కూడా వచ్చి ఆయన చాపను సరిచేశారు. పనివేళలు దాటాక ఆయన ఎవరి కలలోకీ వెళ్లకుండా దారి మూసేశారు. లోపలికి వచ్చే దారి మాత్రం మూయలేదు. "ఆయనకి కలలు రావంట కదా, లోపలికి ఎవరొస్తారులే" అన్నారు.


బుధవారం, మంచు

చాపలు చుడుతుండగా గొట్టం గురగురలాడింది. మళ్లీ ఏం ముంచుకొచ్చిందోనని అందరం ఆగిపోయాం.

"కొండేటి తబిత. నిన్న మధ్యాహ్నం మీరు వేరొకరి కలలో పని చేశారు. కల దేవవరం గారిది. పని, చప్పుడు చేయకుండా ఉండటం."

 గొట్టం ఆగలేదు. సువార్తమ్మ, దుప్పటి కప్పడం. ఏలీయా, గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను వెనక్కి పంపడం. మా వీధిలో ఒక్కరు మిగలకుండా పేర్లు వచ్చాయి. మాలో ఎవరికీ ఆ కల ఒక్క ముక్క గుర్తులేదు. నిన్న లేచాక నడుం నొప్పిగా ఉందని మాత్రం అందరం మూలిగాం.

అయ్యగారు గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నారు.

"మీకు కలొచ్చిందా అయ్యగారూ?" అని అడిగాను.

"వచ్చిందమ్మా." ఆయన గొంతులో భయం, సిగ్గు కలిసి ఉన్నాయి. "చిన్నప్పుడు నేను ఉన్న అనాథ హాస్టలు వరండా అది. పడుకుని ఉన్నా. మీరంతా వచ్చారు. అయ్యో, ఎవరికో ఏదో కష్టమొచ్చి ఉంటది, లేవాలి అనుకున్నా. కాళ్లు లేవలేదు. ఎవరన్నా లేపుతారేమోనని చూశా. ఎవరూ లేపలేదు."  "ఆ వరండాలో నన్నెవరూ లేపకుండా పడుకోనిచ్చింది అదే మొదటిసారి తబితమ్మా."

సువార్తమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఏలీయా బాబాయి కిటికీ వైపు తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా చాలాసేపు చూశాడు.

గొట్టం నన్నే మొదట అడిగింది. ఆ పని నేనే చేశానా, కాదనేదేమైనా ఉందా, ఇకముందు కూడా ఆ పనిలో కొనసాగుతానా అని. ఎప్పటిలాగే బండగొంతుతో, ఊరంతా వినేలా అడిగింది. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన తల గోడకు వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"కొనసాగుతాను," అన్నాను. "నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు. అయ్యగారు పడుకున్నారు."